మంచుదారిలో సైకిలు చక్రము

మనము ‘మంచు’ అను ఒక్క మాటను పలు వస్తువులకు వాడుదుము. తెల్లవారుజామున గడ్డిపై నిలిచిన బిందువులు మంచే. పొలములపై కమ్మిన తెర మంచే. హిమాలయములపై కురియునదియు మంచే. ఫిన్లండు దేశస్థులకు ఇంతటితో సరిపడదు. రాలిన హిమమును వారు ‘లుమి’ అందురు. నీటితో కలిసి చిత్తడియైన దానిని ‘సొహ్యొ’ అందురు. గట్టిపడిన మంచుగడ్డను ‘యా’ అందురు. అచ్చట సైకిలు తొక్కువానికి ఇది కేవలము మాటల భేదము కాదు. చక్రమునకు ఏ టైరు వేయవలెనో ఈ భేదమే నిర్ణయించును.

ఆ దేశమున 65వ ఉత్తర అక్షాంశము దగ్గర ఔలు అను నగరము కలదు. జనవరిలో అచ్చటి సగటు ఉష్ణోగ్రత సున్నకు పది డిగ్రీల దిగువ ప్రాంతమున నుండును. అయినను పిల్లలు బడికి, పెద్దలు పనికి చలికాలమందు కూడ సైకిళ్ళపై పోవుట అచ్చట వాడుక. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయ సభ 2013లో ఆ నగరముననే జరిగినది. నేడు మన విద్యార్థులును, ఉద్యోగులును అట్టి శీతల దేశములకు పోవుచున్నారు. ఇక్కడి అలవాటుతో అక్కడ సైకిలెక్కినవారు మొదటి మలుపులోనే పడి మణికట్టు విరుగగొట్టుకొను ప్రమాదమున్నది.

కారణమేమి? పొడి తారురోడ్డుపై రబ్బరుయొక్క ఘర్షణ గుణకము సుమారు 0.7. నున్నని మంచుగడ్డపై అది 0.1, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువ. 5 మీటర్ల వ్యాసార్థము గల మలుపును తీసికొందము. లెక్క ప్రకారము తారుపై గంటకు 21 కిలోమీటర్ల వేగమువరకు చక్రము జారదు. మంచుగడ్డపై 8 కిలోమీటర్లు దాటగనే జారును.

సైకిలు బరువువలన కలుగు పీడనమే మంచును కరగించి జారునట్లు చేయునని కొందరి తలంపు. కాని మంచు కరగు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గవలెనన్న వాతావరణ పీడనమునకు సుమారు 135 రెట్లు కావలెను. టైరు కలిగించునది నాలుగైదు రెట్లు మాత్రమే. నిజమునకు మంచుగడ్డ పైపొరలోని అణువులకు పైవైపున పట్టుకొను పొరుగు అణువులు లేవు. కావున అవి లోపలి అణువులంత గట్టిగా కుదురుకొనక, సున్నకు దిగువనే కొంత కదలుచుండును. రాపిడివలన పుట్టిన వేడిమియు దీనికి తోడగును. ఉష్ణోగ్రత సున్నను సమీపించిన కొలది ఈ పొర దళసరియగును. అందుచేతనే మిక్కిలి చలిగానున్న దినముకన్న, మంచు కరగి మరల గడ్డకట్టు దినమే ఎక్కువ ప్రమాదకరము. వానకాలమున పాచిపట్టిన గచ్చుపై నడచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక టైర్ల మాట. కొద్దిగా కురిసిన కొత్త హిమమునకు సన్నని టైరే మేలు. అది హిమమును చీల్చుకొని గట్టినేలను తాకును. హిమము లోతుగా నున్నచో సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు గలిగి, తక్కువ గాలి నింపిన లావుపాటి టైరు దానిలో దిగబడక పైననే పోవును. తొక్కుడుపడిన హిమముపై ఎత్తైన రబ్బరు దిమ్మెలు గల టైరు పట్టు నిచ్చును. చిత్తడికి ఎడమెడముగా గాడులుండవలెను. లేనిచో అవి పూడిపోవును.

కాని మంచుగడ్డపై ఈ దిమ్మెలును, గాడులును నిరుపయోగములు. రబ్బరు మంచుగడ్డలో గ్రుచ్చుకొనలేదు. దానికి మేకులు గల టైరే శరణ్యము. ఈ మేకుల మొనలు టంగ్‌స్టన్ కార్బైడుతో చేయబడును. ఉక్కు మొనలు వట్టి తారుపై త్వరగా అరిగిపోవును. ఒక్కొక్క టైరుకు వందకు పైగా మేకులుండును. ఈ టైరు బరువెక్కువ, చప్పుడెక్కువ, తొక్కుటకు శ్రమయు ఎక్కువ.

గాలి విషయమొకటి మరువరాదు. ఇంటిలో 20 డిగ్రీల వేడిమిలో, మీటరు 4 వాతావరణములు చూపునట్లు గాలి నింపితిమనుకొందము. బయటి గాలిని కూడ కలుపుకొన్న మొత్తపు పీడనము 5. వెలుపల సున్నకు 20 డిగ్రీల దిగువనున్నచో నిరపేక్ష ఉష్ణోగ్రత 293 నుండి 253కు తగ్గును, పీడనము 4.3 అగును, మీటరు 3.3 మాత్రమే చూపును. కొంత గాలి తగ్గుట మంచిదే, టైరు నేలను ఎక్కువమేర తాకును. మరీ తగ్గిన అంచు నలిగి ట్యూబు చిల్లుపడును.

రెండు మేకుల టైర్లు కొనుటకు స్తోమత లేనివారు ఒక్కటైనను కొని ముందు చక్రమునకు వేయవలెను. వెనుక చక్రము జారిన సర్దుకొనుటకు వ్యవధి చిక్కవచ్చును. సైకిలును నిలువరించునది ముందు చక్రమును త్రిప్పుటవలననే గనుక, అదియే జారిన సర్దుకొనుటకు సాధనము మిగులదు.

పది కిలోమీటర్ల దారిలో తొమ్మిది శుభ్రముగా నుండవచ్చును. వంతెనపైననో, చెట్టునీడలోనో పది గజముల మంచుగడ్డ ఉండవచ్చును. టైరును ఎన్నుకొనవలసినది ఆ తొమ్మిది కిలోమీటర్లను చూచి కాదు, ఈ పది గజములను చూచి.