గుంటడి మాట, పంతులి చెవి

పదో తరగతి పరీక్షల ముందు బడిలో ప్రేరణ ప్రసంగం పెట్టించడం ఈమధ్య శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా రివాజైంది. వక్త వస్తాడు, రెండు గంటలు దంచి చెబుతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. మర్నాడు లెక్కల పీరియడ్లో మాత్రం గుంటడు నిన్న ఎక్కడ ఆగాడో ఇవాళా అక్కడే ఉంటాడు. వాడు ఎక్కడ ఆగాడో ఆ వక్తకు తెలియదు. తెలుసుకునే తీరికా ఉండదు. చదువు చెప్పడం వేరు, ఉత్సాహపరచడం వేరు. రెండూ ఒకే మనిషిలో కుదిరిన సందర్భం మన ప్రాంతంలోనే ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గొప్ప వక్త. అయితే ఆయన ప్రసంగాల్లోని సరుకులో చాలా భాగం తరగతి గదిలో, కొండ మీద విని పోగుచేసుకున్నది.

వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు 1880లో, నిండా ఇరవై ఏళ్లు లేకుండానే, పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఊరి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలనే గిరిజనులు. వాళ్లకు చదువు చెప్పాలన్న ఆలోచన వచ్చినప్పుడు, సవరలకు తెలుగు నేర్పితే సరిపోతుందని మరొకరైతే అనుకునేవారు. ఆయన ముందు తాను సవర నేర్చుకోవడానికి కూర్చున్నారు. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటి నుంచి మాట మాట ఏరుకున్నారు. గొంతులో తటాలున ఆగిపోయే ఆ భాషలోని శబ్దాలకు మన అక్షరాల్లో చోటు లేదు. తర్వాత వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఈ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు మింగిన క్వినైన్ ఆయనకు చెవుడు తెచ్చింది. జీవితమంతా నోటి మాట కోసం పోరాడిన మనిషికి ఆ మాటే వినపడకుండా పోవడం, విధి పరాచికమనే చెప్పాలి.

పిల్లవాడి భాష తెలియకపోతే పంతులుకు ఏం నష్టమో లెక్కల్లో చూడొచ్చు. సవరల సంప్రదాయ లెక్కలో 12 దాకా విడివిడి పేర్లుంటాయి. 13 అంటే పన్నెండూ ఒకటీ, 19 అంటే పన్నెండూ ఏడూ. 20కి మళ్లీ లెక్క మారుతుంది. 33 అంటే ఇరవై, దాని మీద పన్నెండు, ఆపైన ఒకటి. అదే మనం ‘ముప్ఫై మూడు’ అన్నామంటే అందులో మూడు పదులు, పైన మూడు ఒకట్లు ఉన్నాయి. ఒకట్ల స్థానం, పదుల స్థానం అని బోర్డు మీద గీతలు గీసి చెప్పే పంతులికి, ఇంట్లో ఈ లెక్కతో పెరిగిన పిల్లవాడు మందబుద్ధిలా కనిపిస్తాడు. నిజానికి వాడు రెండు పద్ధతుల మధ్య తనే అనువాదం చేసుకుంటున్నాడు, అదీ ఎవరి సాయమూ లేకుండా.

సవర పిల్లల దగ్గర కనిపించిన ఈ ఇబ్బందే తెలుగు పిల్లల దగ్గరా ఉందని గిడుగు గుర్తించారు. ఇంట్లో ‘ఎల్తన్నాడు’ అనే గుంటడు బడిలో ‘పోవుచున్నాఁడు’ అని అరసున్నతో సహా రాయాలి. అంటే సొంత భాషనే పరాయి భాషలా బట్టీ పట్టాలి. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఆంగ్లేయుడు జె.ఏ.యేట్సుకు కూడా ఇది వింతగా తోచింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గిడుగుతో చదువుకున్న గురజాడ అప్పారావు బడి రాతలోకి వాడుక మాటను తెచ్చే పనిలో కలిశారు. వాడుక భాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ రాసిన అసమ్మతి పత్రం 1914 నాటిది. గిడుగు ఊరూరా తిరిగి మాట్లాడారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ప్రసంగించి, పూర్వ గ్రంథాల నుంచే ప్రయోగాలు తీసి చూపించారు. నాలుగు గంటలు జనాన్ని కూర్చోబెట్టింది గొంతు గాంభీర్యం ఒక్కటే అయ్యుండదు, ఎదురుగా పెట్టిన సాక్ష్యాలు కూడా.

అవతలి వాదమూ తేలిగ్గా తీసేయదగింది కాదు. గ్రాంథిక భాష వైపు నిలిచిన జయంతి రామయ్య పంతులు వంటివారికి రెండు భయాలుండేవి: మాట ఊరూరికీ మారుతుంది, దాన్నే రాతగా చేస్తే అందరికీ ఉమ్మడి భాష మిగలదు; పిల్లలు కావ్యాలకు దూరమవుతారు. రెండోదానికి గిడుగు చదువే జవాబు. ప్రాచీన గ్రంథాలను ఆయనంత శ్రద్ధగా జల్లెడ పట్టినవాళ్లు ప్రత్యర్థుల్లోనూ తక్కువే. కావ్యాన్ని చదవడం వేరు, సొంత ఆలోచనను కావ్యభాషలో రాయమని పిల్లవాణ్ని నిర్బంధించడం వేరు. ఇక మొదటి భయానికి ఆయన ఇచ్చిన జవాబు శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు వాడే మాట. ఇక్కడ నాకు కొంత అసంతృప్తి ఉంది. ఆ ‘శిష్ట’ భాష కాలక్రమంలో ఎక్కువగా గోదావరి, కృష్ణా తీరాల మాటగా స్థిరపడింది. దాని కోసం పోరాడిన మనిషి పుట్టిన వంశధార ఒడ్డు మాట మాత్రం సినిమాల్లో నవ్వించడానికి మిగిలింది.

ఇప్పటి అభ్యంతరం ఇంకొకటి. అమ్మ భాష అంటూ కూర్చుంటే ఇంగ్లీషు ఎప్పుడొస్తుందని తల్లిదండ్రులు అడుగుతున్నారు. పనుల కోసం హైదరాబాదుకూ చెన్నైకీ వలసపోయే జిల్లాల్లో ఈ ప్రశ్నను డాబు కింద కొట్టిపారేయడం అన్యాయం. అయితే గిడుగు ఇంగ్లీషుకు శత్రువు కాదు. సవర మాటలకు ఆయన అర్థాలు ఇచ్చింది ఇంగ్లీషులోనే. ఆయన గొడవంతా ఏది ముందు అన్నదాని గురించే: తెలిసిన మాట మీద నిలబెట్టి తెలియనిదాన్ని అందించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ దారినే పట్టింది. సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకు, ఇంగ్లీషుకు మళ్లించడం దాని పద్ధతి. పుస్తకం అచ్చయినంత మాత్రాన పని అయిపోదు. ఆ భాష మాట్లాడే పంతులు బదిలీ అయి వెళ్లిపోతే పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది.

మైదానంలోని తెలుగు బడికైతే కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు. ‘ఏటి సేస్తన్నావ్’ అన్న గుంటడి నోరు నొక్కకుండా, ఆ మాటనే బోర్డు మీద రాసి, పక్కన ‘ఏం చేస్తున్నావు’, దాని పక్కన ఇంగ్లీషు వాక్యం రాయడానికి అర నిమిషం పడుతుంది.