మేము కొండ దిగి ఎందుకు రాము?

మన హాస్టల్లో చేరిన రోజు నుంచి నన్ను చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "మీ ఊరికి రోడ్డు లేదు, బస్సు లేదు, సెల్లుకి సిగ్నలు లేదు. కిందకి వచ్చేసి ఇళ్ళు కట్టుకోవచ్చు కదా?" అని. తారురోడ్డు పక్క ఊళ్ళ స్నేహితులు అడిగారు, ఒకసారి మేడమ్ గారు కూడా అడిగారు. తప్పు ప్రశ్నేమీ కాదు. కానీ ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. అందుకే గోడపత్రికకి రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. ముందు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. మా ఊర్లో 19 గడపలు, 87 మంది మనుషులు. అందరం కోటియా వాళ్ళం. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం, సంతలో తెలుగు మాట్లాడతాం. తారురోడ్డు నుంచి మా ఊరికి 7 కిలోమీటర్లు కాలిబాట. దిగడానికి గంటన్నర, ఎక్కడానికి రెండున్నర గంటలు. నెత్తి మీద బియ్యం మూట ఉంటే ఇంకా ఎక్కువ.

ఊరు అక్కడ ఎందుకు ఉందంటే ఊట అక్కడ ఉంది కాబట్టి. మా పెద్దలు నీళ్ళు చూసి ఊరు కట్టారు గాని దారి చూసి కట్టలేదు. ఇప్పుడు ఆ ఊట దగ్గర, ఊరి కంటే ఎత్తులో సిమెంటు తొట్టి కట్టి, పైపు వేసి నీళ్ళు ఊర్లోకి తెచ్చారు. దీన్ని గ్రావిటీ పథకం అంటారు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నీళ్ళు పల్లానికి వాటంతట అవే వస్తాయి. మన సైన్సు పాఠంలో గురుత్వాకర్షణ అని చదివాం కదా, అదే. తొట్టిలో పైపు మూతికి ఆకులు అడ్డం పడితే కుళాయి ఆగిపోతాది. అప్పుడు మగపిల్లలు పైకెళ్ళి తీసి వస్తారు. ఎండాకాలం చివర్లో మాత్రం ఊట సన్నబడిపోతుంది. ఒకసారి బిందె పెట్టి 200 లెక్కపెట్టాను, సగం కూడా నిండలేదు.

రెండోది భూమి. కింద ఊళ్ళలో భూములు అక్కడి కుటుంబాలవి. మాకు ఎవరు ఇస్తారు? మా పొలాలన్నీ కొండ వాలు మీదే. సామలు, చోళ్ళు, రాజ్మా, పసుపు వేస్తాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ ఉంది, ఆ చెట్లకే మిరియాల తీగ ఎక్కిస్తాం. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం కింద మా అయ్యకి పట్టా వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగు చేస్తున్న వాళ్ళకి ఆ పట్టా ఇస్తారు. దాన్ని పిల్లలకి ఇవ్వొచ్చు, అమ్మడానికి మాత్రం లేదు. కాబట్టి కొండ పొలం అమ్మి కింద కొనుక్కోండి అంటే కుదరదు. అమ్మకూడదు అన్నది మంచిదే అని నా ఉద్దేశం. లేకపోతే అప్పులకి ఎప్పుడో పోయేది.

మా అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్నంలో ఆ కాఫీ ఒక కప్పు ఎంతకి అమ్ముతారో విని మా అమ్మ నమ్మలేదు. మేము తాగేది బెల్లం వేసిన నల్ల టీయే. నవంబరు నుంచి పళ్ళు ఎర్రబడతాయి. పండినవి ఏరి, పచ్చివి చెట్టుకే వదలాలి, అందుకని ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్ళాలి. తరువాత అంతా కావిడి మీద కిందకి. కొండ దిగిన సరుకుని మళ్ళీ పైకి మోసుకెళ్ళలేరని సంతలో వ్యాపారులకి తెలుసు. సాయంత్రం అయ్యేకొద్దీ ధర తగ్గించేస్తారు. దారి లేకపోవడం అంటే కాళ్ళ నొప్పి ఒకటే కాదు, ధర కూడా పోతాది.

ఇప్పుడు డోలీ గురించి. పేపర్లో ఫోటో చాలామంది చూసి ఉంటారు. ఎలా కడతారో అందరికీ తెలియకపోవచ్చు. గట్టి వెదురు బొంగు పొడవుది తీసుకుంటారు. దుప్పటి రెండు కొసలు బొంగుకి ముడి వేస్తారు, ఉయ్యాల లాగా అవుతుంది. మనిషిని అందులో పడుకోబెట్టి ముందు ఒకరు, వెనక ఒకరు భుజం మీద పెట్టుకుంటారు. దిగేటప్పుడు ముందున్న వాళ్ళ మీద బరువు పడుతుంది, అందుకని పొడుగు మనిషిని ముందు పెడతారు. ఇద్దరే 7 కిలోమీటర్లు మోయలేరు. ఎనిమిది మంది ఉండాలి, జతలు జతలుగా మారుతుంటారు. ఒకరు ముందు టార్చిలైటు పట్టుకుని రాళ్ళు చూపిస్తారు. ఇంకొకరు ముందే పరిగెత్తి సిగ్నలు దొరికే బండ దగ్గరికి వెళ్ళి 108కి ఫోను చేస్తారు. 2018లో ఏజెన్సీకి బైకు అంబులెన్సులు ఇచ్చారు గాని మా దారిలో రాతిమెట్లు ఉన్నాయి, బైకు ఎక్కదు.

ఎనిమిది మంది అంటే తక్కువలాగే ఉంటుంది. కానీ 19 గడపల్లో మగవాళ్ళు ఎండాకాలం పనులకి మైదానం వెళ్ళిపోతే ఊర్లో ముసలివాళ్ళు, పిల్లలే మిగులుతారు. అప్పుడు పక్క ఊరికి పోయి మనుషుల్ని పిలవాలి. అలా పిలిచేసరికే గంట పోతుంది. వానాకాలం మనుషులు ఉంటారు గాని మధ్యలో గెడ్డ ఉంది. పైన వాన పడితే గెడ్డ పొంగుతుంది, తగ్గేదాకా డోలీ ఒడ్డునే దించుకుని కూర్చోవాలి. మా మేనత్తని అలాగే తీసుకెళ్ళారు. ఆవిడ బతికింది, బిడ్డ దక్కలేదు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

మరి రోడ్డు ఎందుకు వెయ్యరు అని నేను సోషల్ సార్ని అడిగాను. సార్ లెక్క చెప్పారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. ఏజెన్సీలో 250 మంది జనాభా ఉన్న ఊరికి రోడ్డు అని అందులో మామూలు లెక్క. 2023లో పీఎం జన్‌మన్ అని ఇంకో పథకం వచ్చింది. అందులో 100 మంది ఉన్నా చాలు, కానీ అది మరీ వెనుకబడిన తెగల ఊళ్ళకి. మా కోటియా వాళ్ళు ఆ జాబితాలో లేరు. ఉన్నా మేము 87 మందిమే. అంటే ఊరు చిన్నదయితే దారి ఉండదు. దారి లేకపోతే ఉద్యోగం వచ్చినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు కిందనే ఉండిపోతారు, ఊరు ఇంకా చిన్నదవుతుంది. ఈ లెక్క ఎవరు సరిచేస్తారో నాకు అర్థం కాలేదు. మా ఊరివాళ్ళు గునపాలు, పారలు పట్టుకుని గెడ్డ వరకు దారి వెడల్పు చేశారు. రెండు వానలకి సగం కొట్టుకుపోయింది, మళ్ళీ చేస్తున్నారు.

డోలీ అక్కర్లేకుండా ఉండడానికి ఒక మార్గం మాత్రం ఉంది. నెలలు నిండకముందే గర్భిణులు నడిచి దిగి వచ్చి ఉండడానికి ఏజెన్సీలో వసతి గృహాలు పెట్టారు. అన్నం పెడతారు, నర్సమ్మ చూస్తుంది. అయినా మా ఆడవాళ్ళు వెళ్ళరు. భయం వల్ల అనుకుంటారు బయటివాళ్ళు. భయం కొంచెమే. పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు, మేకల్ని ఎవరు తోలుతారు, కలుపు ఎవరు తీస్తారు, అదీ అసలు సంగతి. ఇంట్లో ఇంకో మనిషి దొరికితే వాళ్ళే వెళ్తారు.

మా వదినకి భాద్రపదంలో నెలలు నిండుతాయి. అప్పుడు గెడ్డ మంచి పొంగు మీద ఉంటుంది. శ్రావణం మొదట్లోనే దించేద్దామని అన్నయ్యకి ఉత్తరం రాసి, సంతకి వచ్చిన మా ఊరాయన చేతికిచ్చి పంపాను. అన్నయ్యకి చదవడం రాదు, ఆయనే చదివి వినిపించాడు. మేకల్ని మా పిన్ని కొడుకు తోలడానికి ఒప్పుకున్నాడట. వదిన మూడేళ్ళ గుంటడిని మాత్రం ఎవరి దగ్గర ఉంచాలో ఇంకా తేలలేదు.

– 9వ తరగతి విద్యార్థిని