నేలను తన్నితేనే వేగం

2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో ముగించాడు కదా, ఎన్ని అంగల్లోనో తెలుసా? 41. అంటే ఒక్కో అంగ దాదాపు రెండున్నర మీటర్లు! పూర్తి వేగం అందుకున్నాక పాదం నేల మీద ఆనేది సెకనులో పదో వంతు కూడా ఉండదు. తన్నాల్సిందంతా ఆ కాస్తలోనే తన్నెయ్యాలి.

వేగంగా పరుగెత్తేవాళ్లు కాళ్లను మనకంటే గబగబా ఆడిస్తారనుకుంటాం. పరిశోధకుడు పీటర్ వేయాండ్ బృందం 2000లో కొలిచి చూస్తే, కాలిని గాల్లోంచి ముందుకు తెచ్చుకోవడానికి అందరికీ పట్టే సమయం ఇంచుమించు ఒకటేనని తేలింది. తేడా అంతా నేలను ఎంత బలంగా అదుముతారన్న దాంట్లోనే ఉంది. నా మట్టుకు నాకు పరుగు గురించి ఇంతకంటే గొప్ప విశేషం లేదు. అథ్లెట్లు ఇసుకనీ గుట్టల్నీ వెతుక్కుంటూ ఎందుకు వెళతారో దీంతోనే అర్థమవుతుంది.

పొడి ఇసుకలో నాలుగడుగులు పరుగెత్తి చూడండి. మడమ దిగబడుతుంది. వేళ్లతో నెట్టబోతే కింద ఇసుక వెనక్కి జారిపోతుంది. కాసేపటికే పిక్కలు బిగుసుకుంటాయి. గట్టి నేల మీద కన్నా ఇసుకలో పరుగుకు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు లెక్క కట్టారు. నడకకైతే రెండు రెట్ల పైమాటే.

పి.టి. ఉష కాళ్లు రాటుదేలింది కేరళలోని పయ్యోలి తీరం ఇసుకలో, కోచ్ ఓ.ఎం. నంబియార్ కళ్లెదుట. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె టైము 55.42 సెకన్లు. కాంస్యం దక్కినామెది 55.41. ఆ నూరో వంతు సెకను గుర్తొస్తే ఇన్నేళ్ల తర్వాత కూడా మనసు చివుక్కుమంటుంది.

ఆస్ట్రేలియాలో పోర్ట్‌సీ దగ్గర నిట్టనిలువు ఇసుకదిబ్బలు ఎక్కించి ఎక్కించి కోచ్ పెర్సీ సెరుట్టి తయారుచేసిన కుర్రాడు హెర్బ్ ఇలియట్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లు 3 నిమిషాల 35.6 సెకన్లలో పరుగెత్తి, స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డూ పట్టుకెళ్లాడు.

గుట్ట ఎక్కుతూ పరుగెత్తితే ఒళ్లు దానంతటదే ముందుకు వాలుతుంది, మోకాళ్లు పైకి లేస్తాయి. నేలే పాదానికి ఎదురొస్తుంది కాబట్టి కీళ్లకు అదురు తక్కువ. దిగేటప్పుడు మాత్రం నడిచి రండి.

స్వీడన్ వాళ్ల 'ఫార్ట్‌లెక్' మాటకు వేగంతో ఆట అని అర్థం. ఈ సాధనను 1930లలో కోచ్ గోస్టా హోల్మేర్ రూపుదిద్దాడు. అదిగో ఆ చెట్టు దాకా వేగంగా, ఆ మలుపు దాకా నెమ్మదిగా... అంతే. స్టాప్‌వాచీతో పనే లేదు.

ఎత్తు నుంచి దూకి, నేల తగలగానే మళ్లీ పైకి ఎగరడం సోవియట్ కోచ్ యూరీ వెర్కోషాన్‌స్కీ పేరు నిలబెట్టిన సాధన. మడమ వెనక స్నాయువు స్ప్రింగులా సాగి, ఆ ఊపుతోనే మనిషిని పైకి లేపుతుంది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతినప్పుడూ పనిచేసేది ఆ స్నాయువే. పిల్లల చేత ఆ ఆట మాన్పించడం నాకైతే నష్టమే అనిపిస్తుంది.

శ్రీకాకుళం వైపు పండగలకు సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. రాయి భుజం దాకా రావాలంటే చేతుల బలం చాలదు. తొడలు, నడుము, వీపు ఒక్కసారిగా లేవాలి. పరుగు మొదటి అంగకు కావలసిందీ ఆ పట్టే.

తెలంగాణ కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టిన పరుగు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. దానికోసం తెల్లవారకముందే గ్రౌండుకొచ్చి రోజూ అదే దూరం, అదే వేగంతో ఊపిరాడకుండా పరుగెత్తే తమ్ముళ్లను చూస్తుంటాను. వాళ్లకు ఒక్క మాట: వారంలో ఒకటి రెండు రోజులు 60 మీటర్లు పూర్తి వేగంతో వెళ్లి, మూడు నాలుగు నిమిషాలు ఆగండి. కండరంలో వెంటనే మండే ఇంధనం మళ్లీ నిండడానికి అంత సమయం పడుతుంది. ఆగడం బద్ధకం కాదు తమ్ముడూ, అదీ సాధనలో భాగమే.

పరుగు మొదలెట్టేటప్పుడు పాదాలు ఆనించి తన్నే స్టార్టింగ్ బ్లాకులు ఒలింపిక్స్‌లోకి 1948లో గానీ రాలేదు. అందుకే 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ ట్రాక్ మీద చిన్న తాపీతో తన పాదాలకు సరిపడా గుంటలు తనే తవ్వుకున్నాడు. ఆ ఒలింపిక్స్‌లో అతనికి దక్కినవి నాలుగు స్వర్ణాలు.