ఒంటికన్ను తమ్ముడు

గ్రీకు పురాణాల నుంచి పుట్టిన పిల్లల నవలకు వచ్చిన రెండో భాగం మీద పాఠకులది తలో మాట. బొగ్గుబాయిల నేల మీద నిలబడి చదివితే ఆ పుస్తకం ఎలా కనిపిస్తుంది?

రిక్ రియోర్డన్ 'ద లైట్నింగ్ థీఫ్' 2005లో వచ్చింది. మరుసటి ఏడాదే దానికి కొనసాగింపుగా 'ద సీ ఆఫ్ మాన్‌స్టర్స్' వచ్చింది. పెర్సీ జాక్సన్ అనే కుర్రాడి కథ ఇది. వాడి తండ్రి సముద్ర దేవుడు పొసైడన్, తల్లి మామూలు మనిషి. మొదటి భాగాన్ని మెచ్చుకోని పిల్లలు అరుదు. రెండో దాని దగ్గరే పేచీ. పుస్తకం చిన్నది, పరుగు ఎక్కువ, ఒక దీవి దాటగానే ఇంకో దీవి, మొదటి దాంట్లో ఉన్న కొత్తదనం ఇందులో లేదు అంటారు కొందరు. నచ్చిందన్నవాళ్ళు మాత్రం ముందుగా టైసన్ పేరెత్తుతారు.

నేను టైసన్ వైపు. గోదావరిఖని, రామగుండం, యైటింక్లైన్ కాలనీల్లో ఈ పుస్తకం పట్టుకున్న పిల్లలు కూడా అటే ఉండాలని నా కోరిక. కారణం చెబుతాను.

టైసన్ పెర్సీ బడిలో చదివే పిల్లాడు. ఇల్లూ వాకిలీ లేదు, ఒళ్ళు పెద్దది, మనసు పసిది. అందరూ ఏడిపిస్తుంటే పెర్సీ ఒక్కడే అండగా నిలబడతాడు. తీరా చూస్తే వాడు సైక్లోప్స్ జాతివాడు, నుదుటి మీద ఒకటే కన్ను. దేవతల పిల్లలుండే శిబిరానికి వెళ్ళాక పొసైడన్ టైసన్ కూడా తన కొడుకేనని అందరి ముందూ ప్రకటిస్తాడు. శిబిరమంతా నవ్వుతుంది. అప్పటిదాకా స్నేహితుడిగా వెనకేసుకొచ్చిన పెర్సీకి, తమ్ముడనేసరికి సిగ్గు ముంచుకొస్తుంది. నలుగురిలో వాడి పక్కన నిలబడడానికి వెనకాడతాడు.

ఈ సిగ్గును రియోర్డన్ ఎక్కడా తేలిక చేయలేదు. మంచి పిల్లాడు కూడా సొంతవాళ్ళను చూసి ముఖం తిప్పుకుంటాడని పిల్లల పుస్తకంలో అంత తిన్నగా రాయడానికి ధైర్యం కావాలి. గోదావరిఖనిలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియం బడి ఫారంలో తండ్రి వృత్తి అన్న గడి వస్తుంది. 'సింగరేణి ఎంప్లాయీ' అని రాసి ఊరుకుంటారు. కోల్‌ఫిల్లర్ అనో, సపోర్ట్‌మన్ అనో రాయడానికి పెన్ను ముందుకు సాగదు. ఓపెన్‌కాస్టు గనుల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్ళ పిల్లలకైతే ఆ ఒక్క మాట రాసుకునే వీలూ లేదు. బాపు నైట్‌షిఫ్టు దిగి, గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు వదలకుండానే బడి గేటు దాకా దిగబెడితే, దోస్తులు చూడకముందే లోపలికి ఉరికే పిల్లలున్నారు. వాళ్ళకు బాపు మీద ప్రేమ లేదని కాదు. పెర్సీకీ టైసన్ మీద ప్రేమ లేకపోలేదు.

ఇక ఆ ఒంటికన్ను సంగతి. ల్యాంప్‌రూమ్‌లో టోపీ లైటు తీసుకుని నుదుటికి తగిలించుకుని, ఇంక్లైన్‌లో దిగిపోతున్న మనిషిని చీకట్లో ఎదురుగా చూస్తే కనబడేది నుదుటి మీద వెలిగే ఒక్క కన్నే. ముఖం తర్వాత తెలుస్తుంది. బాయి కుటుంబాల్లో పెరిగిన పిల్లలకు సైక్లోప్స్ బొమ్మ పరాయి దేశపు వింతలా అనిపించనక్కర్లేదు.

గ్రీకులు వీళ్ళ గురించి రెండు రకాలుగా చెప్పుకున్నారు. హోమర్ ఒడిస్సీలో సైక్లోప్స్ గొర్రెలు కాచుకునే మోటు రాక్షసుడు. గుహలో మనుషుల్ని తింటాడు, ఒడిస్యూస్ వాడి కంట్లో కాలిన దుంగ పొడిచి తప్పించుకుంటాడు. హెసియాడ్ చెప్పిన కథ వేరు. అందులో సైక్లోప్స్ కమ్మరులు. వాళ్ళను భూగర్భంలో బంధించి ఉంచితే జ్యూస్ విడిపించాడు. బదులుగా వాళ్ళు అతనికి పిడుగు చేసి ఇచ్చారు. ఆ పిడుగుతోనే జ్యూస్ దేవతలకు రాజయ్యాడు. రియోర్డన్ ఈ రెండు కథలనూ ఒకే పుస్తకంలో పక్కపక్కన పెట్టాడు. దీవిలో మనిషిని తినే పాలిఫెమస్ ఉన్నాడు. ఎదురుగా కొలిమి పని చేతుల్లో ఉన్న టైసన్ ఉన్నాడు. నిప్పు వాణ్ని కాల్చదు. లోహం దొరికితే పనిముట్టు చేస్తాడు, అన్న కోసం చేతి గడియారంలోంచి విచ్చుకునే డాలు తయారు చేస్తాడు.

మొదటి పుస్తకమంతా పిడుగును దొంగిలించింది ఎవరన్న వెతుకులాట. రెండో పుస్తకం ఆ పిడుగును చేసే జాతిని ఇంట్లోకి తెచ్చి తమ్ముణ్ని చేసింది. అందుకే రెండోదే పెద్ద పుస్తకమని నా అభిప్రాయం, పేజీలు తక్కువైనా సరే. రామగుండంలో ఎన్టీపీసీ వేల మెగావాట్ల కరెంటు చేస్తుంది. అందులో మండేది సింగరేణి బొగ్గు. ఆ వెలుగు అందుకునే ఊళ్ళలో ఎంతమంది బాయి దిగేవాళ్ళను తలుచుకుంటారు?

నిజానికి మన పిల్లలకు ఈ గ్రీకు కథ కొత్తది కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపించారు. ఆ పత్రికలో ఇలియడ్ 'భువనసుందరి'గా, ఒడిస్సీ 'రూపధరుని యాత్రలు'గా ధారావాహికలై వచ్చాయి. హెలెన్ భువనసుందరి అయింది, ఒడిస్యూస్ రూపధరుడయ్యాడు. పేర్లు మారేసరికి ట్రాయ్ యుద్ధం మన జానపద కథల వరసలో కలిసిపోయింది. ఆ తరం పాఠకుల్లో ఆ సంచికలను బైండు చేయించి దాచుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇలియడ్‌కు ఒడిస్సీ కొనసాగింపే కదా. యుద్ధం గెలిచినవాడు ఇల్లు చేరడమే ఆ రెండో కథ. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళున్న మనిషి కథ షిఫ్టుల ఊళ్ళో పిల్లలకు యుద్ధం కథ కన్నా దగ్గరగా ఉంటుంది. కాకపోతే అక్కడ కథ నడిచేది రూపధరుడి వైపు నుంచి. కన్ను పోయినవాడి బాధ ఎవరికీ పట్టలేదు. అది హోమర్ నాటి నుంచీ ఉన్నదే. రియోర్డన్ పూరించింది ఆ ఖాళీని.

ఆయన రాయడం మొదలుపెట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గది. అప్పట్లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో బడిపంతులు. కొడుకుకు డిస్లెక్సియా, ఏకాగ్రత కుదరని ఇబ్బంది ఉన్నాయి. రాత్రిళ్ళు వాడికి గ్రీకు కథలు చెప్పి, అవి అయిపోయాక కొత్త కథ కల్పించాడు. పెర్సీకి కూడా అక్షరాలు కుదురుగా నిలబడవు. చదువులో వెనకబడ్డాడని పక్కన పెట్టిన పిల్లాడి చేతికి ఇవ్వాల్సిన పుస్తకం ఇది.

పుస్తకంలో లోపాలు లేవని నేను అనను. మంత్రగత్తె సర్సీ దీవి ఘట్టం తొందరగా ముగిసిపోయింది, పాటతో నావికులను లాగే సైరెన్ల దగ్గర పెర్సీ స్నేహితురాలు అనబెత్ మనసు తెరుచుకున్న చోట ఇంకాసేపు ఆగి ఉండాల్సింది. 2013లో వచ్చిన సినిమా సంగతి క్లుప్తంగా చాలు: పుస్తకం ఇష్టపడినవాళ్ళలో చాలామందికి అది నచ్చలేదు. 2025 డిసెంబరులో డిస్నీ వెబ్‌సిరీస్ రెండో సీజన్‌గా మళ్ళీ ఇదే కథ వచ్చింది. దాంతో చర్చ ఇంకోసారి మొదలైంది.

నేను మళ్ళీ మళ్ళీ చదివే చోటు ఒకటుంది. రాకాసి సముద్రంలోకి వెళ్ళే ఓడ ఆగిపోబోతుంది. టైసన్ కింద బాయిలర్ గదిలోకి దిగుతాడు. పైన ఉన్నవాళ్ళు బయటపడాలంటే కింద ఎవరో ఒకరు ఇంజన్‌ను కాసేపైనా నిలబెట్టాలి. ఓడ పేలిపోతుంది. టైసన్ పైకి రాడు. అన్నకు తన సిగ్గు ఎంత చిన్నదో అప్పుడు అర్థమవుతుంది.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఈ ఊళ్ళో పెద్దలకు ఆ రోజులు గుర్తున్నాయి. ఇంట్లో ఆ మాట వినపడిన పిల్లలు బాయిలర్ గది పేజీని వేరే ఊరి పిల్లల్లా చదవరు. పిల్లలకు ఇలాంటివి వద్దనే పెద్దలుంటారు. చావును దాచిపెట్టే కథ ఇక్కడి పిల్లలకు అబద్ధంగా తోస్తుందని నేననుకుంటాను. బొగ్గుబాయి బతుకును అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ కథలుగా, నవలలుగా రాశారు. అవి పెద్దల కోసం రాసినవి. పదేళ్ళ పిల్లాడు బాపు దిగే చీకటిని మాయగా, భయంగా, గర్వంగా ఊహించుకునే నవల ఖని నుంచి తెలుగులో రావాలి. రాయగలవాళ్ళు ఇక్కడి క్వార్టర్లలోనే పెరుగుతున్నారు.

టైసన్ విషయానికొస్తే, వాడు బతికే ఉన్నాడు. పాలిఫెమస్ దీవిలో మళ్ళీ కనబడతాడు. కథ చివర్లో తండ్రి పిలుపు మీద సముద్రం అడుగున ఉన్న కొలిమిలో పనికి చేరతాడు. శిబిరంలోనే ఉండిపోతే బాగుండేదని కొందరు పాఠకులకు బాధ. వాళ్ళు ఈ వరసలో ఐదో పుస్తకం 'ద లాస్ట్ ఒలింపియన్' దాకా వెళ్ళాలి. 2009లో వచ్చిన ఆ పుస్తకంలో దేవతలంతా కలిసి ఆపలేకపోయిన టైఫాన్ అనే రాక్షసుడి మీదికి సముద్రంలోంచి సైక్లోప్స్ సేన లేచి వస్తుంది. అందులో టైసన్ ఉంటాడు.