మీ కష్టార్జితం మీ తర్వాత ఎవరికి?

జీతం చేతికి రాగానే ఇంటద్దెకెంత, పాలకెంత, చీటీకెంత అని లెక్క వేసుకోని ఇల్లాలు ఉండదు. కానీ ‘రేపు నేను లేకపోతే నా ప్రావిడెంట్ ఫండ్, నా పేరున ఉన్న డిపాజిట్లు, నా బంగారం ఎవరికి వెళతాయి?’ అని ఎంతమంది ఆలోచించి ఉంటారు?

ఆ మధ్య మా పక్కింటి అమ్మాయితో ఇదే మాట అన్నాను. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. తల్లిని దగ్గరే పెట్టుకుని చూసుకుంటోంది. అత్తవారి వైపు రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి. “నాదంతా మా అమ్మకే కదక్కా. ఇంకెవరున్నారు?” అంది తేలిగ్గా. “వీలునామా రాశావా?” అంటే, “అమ్మో, ఇప్పట్నుంచీ ఆ చావు కబుర్లెందుకక్కా!” అని మాట తప్పించేసింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. చట్టం ఏం చెబుతోందో మనకెవరూ చెప్పరు.

చట్టం చెప్పే వరుస

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా రాయకుండా చనిపోతే అతని ఆస్తి భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. అంటే కొడుకు ఆస్తిలో తల్లి మొదటి వరుసలోనే ఉంది.

అదే కూతురు చనిపోతే? ఆమె ఆస్తి మొదట భర్తకూ, పిల్లలకూ. వాళ్ళెవరూ లేకపోతే తర్వాతి హక్కు భర్త వారసులది. ఆ వైపు ఎవరూ లేనప్పుడే కన్న తల్లిదండ్రులకు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తయితే మాత్రం, పిల్లలు లేనప్పుడు అది తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. కానీ ఆమె సొంతంగా సంపాదించుకున్నదానికి ఆ మినహాయింపు లేదు. (ఈ చట్టం హిందువులతో పాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా వర్తిస్తుంది.)

ఇదంతా పుస్తకాల్లో మాట అనుకోకండి. 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చూడండి. ఆమెకు 1955లో పెళ్ళయింది. మూడు నెలలకే భర్త పాము కరిచి చనిపోయాడు. అత్తవారు ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. పుట్టింటివారు చేరదీసి చదివించారు. ఉద్యోగం సంపాదించుకుంది. 1996లో చనిపోయేనాటికి బ్యాంకుల్లో, ప్రావిడెంట్ ఫండ్‌లో పెద్ద మొత్తమే ఉంది. వీలునామా మాత్రం లేదు. తల్లి కోర్టుకు వెళ్ళింది. భర్త అక్కచెల్లెళ్ళ కొడుకులూ వెళ్ళారు. చివరికి డబ్బు దక్కింది వాళ్ళకే. సానుభూతిని బట్టి కాదు, చట్టంలో ఉన్నదాన్ని బట్టే తీర్పివ్వాలని కోర్టు అంది. నలభై ఏళ్ళు కన్నెత్తి చూడని ఇంటికి ఆమె కష్టార్జితం వెళ్ళిపోయింది!

ఒక్క కాగితం రాసి ఉంటే ఈ కథ ఇలా ముగిసేది కాదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఇబ్బందిని గుర్తుచేస్తూ స్త్రీలు, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వీలునామా రాసుకోవాలని సూచించింది.

నామినీ ఉంటే చాలదా?

పక్కింటి అమ్మాయి ధైర్యమంతా ఇదే. “ఉద్యోగంలో చేరినప్పుడు ఫారంలో అమ్మ పేరే రాశానక్కా” అంది. చాలామందికి ఉన్న అపోహ ఇది. నామినీ అంటే డబ్బు తీసుకోవడానికి అధికారం ఉన్న మనిషి మాత్రమే. చాలా సందర్భాల్లో ఆ డబ్బు అసలు వారసులకు అప్పగించాల్సిందే. పెళ్ళికి ముందు తల్లి పేరు రాసి, తర్వాత మార్చని ఒక బ్యాంకు ఉద్యోగి చనిపోతే, నామినీ తల్లే అయినా భార్యకూ వాటా ఉందని సుప్రీంకోర్టు 2009లోనే మరో కేసులో చెప్పింది. కంపెనీ షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాదని 2023లో తేల్చింది. జీవిత బీమాలో మాత్రం 2015 నుంచి తల్లిదండ్రులనో, భర్తనో, పిల్లలనో నామినీగా పెడితే ఆ సొమ్ము వాళ్ళకే చెందుతుంది.

అలాగని నామినేషన్ దండగ అనుకోవద్దు. అది లేకపోతే డబ్బు చేతికి రావడానికి మనవాళ్ళు వారసత్వ సర్టిఫికెట్ల కోసం తిరగాల్సి వస్తుంది. పెళ్ళయ్యాక పీఎఫ్ నామినేషన్ కొత్తగా వేయాలి. భర్త పోయినా, పిల్లలు పుట్టినా మార్చుకోవాలి. ఇప్పుడు ఆ పని ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు.

ఉద్యోగం చేస్తూ చనిపోతే ఇంటివాళ్ళకు ఏమేం రావాలో కూడా చెప్పి ఉంచండి. పీఎఫ్ నిల్వ ఒకటి. పీఎఫ్‌తో పాటే ఉండే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వస్తుంది. దీనికి ఉద్యోగి జీతంలోంచి పైసా కోత ఉండదు. పింఛను పథకంలో ఉన్నవారి భర్తకూ, 25 ఏళ్ళ లోపు ఇద్దరు పిల్లలకూ కుటుంబ పింఛను ఉంటుంది. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ళ సర్వీసు కావాలి గానీ, ఉద్యోగి చనిపోతే ఆ షరతు లేదు. ఇది తెలియక ‘మూడేళ్ళేగా చేసింది’ అని వదులుకునేవారున్నారు.

వీలునామా ఎలా రాయాలి?

దీనికి స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. తెలుగులో, మీ చేతిరాతతో రాసుకోవచ్చు. 18 ఏళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉన్నవారెవరైనా రాయొచ్చు. ఏ ఆస్తి ఎవరికో స్పష్టంగా రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్ళను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే రేపు తగువు వచ్చినప్పుడు బలం. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది.

ముస్లిం సోదరీమణులు మాత్రం వారసుల అంగీకారం లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

‘మేము ఉద్యోగాలు చేయడం లేదు కదా’ అనుకునే గృహిణులూ ఆగండి. పుట్టింటివారు పెట్టిన నగలు, మీ పేరున ఉన్న ఇంటి స్థలం, పోపులడబ్బాలోంచి బ్యాంకుకు చేరిన డిపాజిట్టు, అన్నీ మీ ఆస్తే. వాటినీ రాసి పెట్టుకోవచ్చు.

ఇదంతా విన్నాక పక్కింటి అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. మొన్న ఆదివారం పొద్దున్నే రెండు తెల్లకాగితాలు పట్టుకుని వచ్చింది. “అక్కా, మీరూ, అన్నయ్యగారూ సాక్షి సంతకాలు పెడతారా?” అంది. లోపల వాళ్ళమ్మ కాఫీ కలుపుతున్న చప్పుడు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది.

ఈ ఆదివారం మీరు కూడా ఒక గంట తీరిక చేసుకోండి. ముందు మీ నామినేషన్లలో ఎవరి పేరుందో చూసుకోండి. తర్వాత ఒక తెల్లకాగితం తీయండి.