బాలీగాలీ కోట: దెయ్యము వెనుక దాగిన తల్లి

పాడుబడిన కోటలో దెయ్యము తిరుగుచున్నదని చెప్పుకొనని ఊరు అరుదు. దెయ్యమున్నదని తెలిసి కూడ, డబ్బు చెల్లించి జనులు రాత్రి బస చేసే కోటలు కొన్ని లోకములో ఉన్నవి. ఉత్తర ఐర్లండ్ దేశపు తూర్పు సముద్రతీరమున ఉన్న బాలీగాలీ కోట అట్టిది. నేడది ఒక హోటలు. నాలుగు శతాబ్దాల చరిత్ర, ఒక తల్లి కన్నీటి కథ ఆ గోడల నడుమ కలిసిపోయి ఉన్నవి.

కోట పుట్టుక

బెల్‌ఫాస్ట్ నగరమునకు ఉత్తరముగా లార్న్ అను రేవుపట్టణమున్నది. అక్కడినుండి సముద్రమును ఆనుకొని సాగే దారిలో కొద్ది మైళ్లు పోయిన తరువాత కోట గోపురము కనిపించును. ఒకవైపు కొండ, మరొకవైపు అలలు. ఆకాశము నిర్మలముగా ఉన్న రోజున సముద్రమునకు ఆవల స్కాట్లండ్ తీరము కంటికి ఆనును.

ఈ కోటను కట్టించిన జేమ్స్ షా ఆ తీరమునుండి వచ్చినవాడే. పదిహేడవ శతాబ్ది ఆరంభములో స్కాట్లండ్ నుండి వేలాది కుటుంబములు సముద్రము దాటి ఐర్లండ్ ఉత్తరభాగములో స్థిరపడినవి. షా కూడ ఆంట్రిమ్ ప్రభువు వద్ద భూమిని కౌలుకు తీసికొని 1625లో ఈ కోటను నిర్మించెను. సుమారు అయిదు అడుగుల మందము గల గోడలు, తుపాకులు పేల్చుటకు సన్నని రంధ్రములు, మూలలందు చిన్న బురుజులు, అన్నియు స్కాట్లండ్ పద్ధతిలోనివే. శత్రువులు ముట్టడించినపుడు నీటికి కరవు రాకుండ ఒక వాగును కోట ముందరి చావడి గుండా పారించిరి. 1641లో చెలరేగిన తిరుగుబాటులో కోటపై దాడులు జరిగినను అది లొంగలేదు.

ద్వారముపై ఒక రాతిఫలకమున్నది. అందు “దైవానుగ్రహమే నా వారసత్వము” అను అర్థము వచ్చు వాక్యము ఐర్లండ్ భాషలో గాక స్కాట్లండ్ పలుకుబడిలో చెక్కబడినది. వలస వచ్చిన నేలపైనను ఆ కుటుంబము తన మాటను గుమ్మముపై నిలుపుకొన్నది. పొరుగు రాష్ట్రములలో తరతరాలుగా తెలుగును కాపాడుకొనుచున్నవారికి ఆ తపన బోధపడును.

గోపురములోని గది

మెలికలు తిరిగిన ఇరుకు మెట్లెక్కిన యెడల గోపురము పైభాగమున చిన్న గది వచ్చును. దానిని ‘దెయ్యపు గది’ అందురు. బస చేయుటకు దానినెవ్వరికిని ఇవ్వరు, చూచిరావచ్చును.

జేమ్స్ షా భార్య ఇసబెల్లా. భర్తకు కొడుకు కావలెను. ఆమె ప్రసవించినంతనే అతడు బిడ్డను లాగుకొని, ఆమెను ఈ గదిలో బంధించెనని జనశ్రుతి. బిడ్డను చేరుకొనవలెనన్న ఆరాటముతో ఆమె కిటికీనుండి పడి ప్రాణము విడిచెనట. దూకినదని కొందరు, త్రోసివేసిరని కొందరు. పుట్టినది ఆడపిల్ల గనుకనే ఈ శిక్ష అని ఒక కథనము. మగబిడ్డ పుట్టినందున ఇక తల్లితో పని లేదనుకొనెనని మరొక కథనము. ఆడబిడ్డ అయినను, మగబిడ్డ అయినను, ఏ కథలోను తల్లికి చోటు దక్కలేదు.

ఆమె నేటికిని రాత్రివేళ తలుపులు తట్టి మాయమగునని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో ఇక్కడ నివసించిన మేడమ్ నిక్సన్ అను ఆమె పట్టుచీర గరగరలాడినట్లు పట్టుగౌను చప్పుడు చేయుచు నడచునని మరొక మాట. సముద్రపు గాలి పాత కిటికీలను కదిలించును. రాత్రి చల్లబడినపుడు కొయ్య ముడుచుకొని చిటపటలాడును. మనసులో కథ మెదలుచున్నప్పుడు ప్రతి చప్పుడును అడుగుల సవ్వడి అగును.

షా వంశమువారు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము వరకు కోటను అనుభవించి, సంపద క్షీణించగా అమ్ముకొనిరి. 1950ల దశకములో సిరిల్ లార్డ్ అను తివాచీల వ్యాపారి దీనిని బసగృహముగా మార్చెను. 1966లో హేస్టింగ్స్ సంస్థ కొనుగోలు చేసినది. ఒకనాడు వెరపు గొలిపిన కథ నేడు అతిథులను రప్పించు ఆకర్షణ అయినది.

కథ అడుగు ప్రశ్న

ద్వారముపై ‘వారసత్వము’ అను మాట. గోపురమున వారసుని కోసమై నలిగిపోయిన స్త్రీ కథ. ఈ రెంటిని ఒకచోట చూచినవారికి భయముకంటె జాలి కలుగును. మన పల్లెలలో కూడ అకాలమరణము పొందిన ఇల్లాండ్రను పేరంటాలుగా కొలుచు ఆచారమున్నది. ఊరిచివర చిన్న గుడి, పసుపుకుంకుమలు, ఏటేట నైవేద్యము. చనిపోయిన తరువాత చేతులు జోడించు ఊరు ఆమె బ్రతికియున్ననాడు ఏడుపు విన్నదా అన్నదే ప్రశ్న.

పున్నామనరకమునుండి కొడుకే తప్పించునను నమ్మికతో ఆడపిల్లను కన్న కోడలిని ఈసడించు ఇండ్లు నేటికిని లేకపోలేదు. అసలు సంగతి వేరు. తల్లినుండి బిడ్డకు సంక్రమించునది ఎప్పుడును ఎక్స్ క్రోమోజోమే. తండ్రినుండి ఎక్స్ వచ్చిన ఆడబిడ్డ, వై వచ్చిన మగబిడ్డ. ఈ మర్మమును 1905లో పురుగులపై పరిశోధించి వెల్లడించినవారిలో నెట్టీ స్టీవెన్స్ అను స్త్రీ ఒకరు. తండ్రి కూడ కోరి ఇచ్చునది కాదు గనుక ఇందు నేరమెవ్వరిదియు లేదు. గర్భస్థశిశువు ఆడో మగో చెప్పుట మన దేశములో 1994 నాటి చట్టము ప్రకారము శిక్షార్హము. సరిహద్దుకు ఇటైనను, అటైనను చట్టమొక్కటే.

బాలీగాలీ గోపురములో తలుపు తట్టునది ఎవరైనను కావచ్చును, గాలియే కావచ్చును. మన ఇంటి మూలగదిలో పురిటిమంచముపై కంటతడి పెట్టు తల్లి మాత్రము కట్టుకథ కాదు. ఆమె తలుపు తట్టకముందే మన చెవి అటు సోకవలెను.