నూటికెంత పెరిగినది?

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి పారిశ్రామికవాడయందు మందుల కర్మాగారములు కలవు. మందులు తయారగు చోటనే కాపురమున్నను, రక్తపుపోటు మాత్రలు కావలసినప్పుడు అచ్చటి గృహిణియు మనవలెనే అంగడికేగి అట్టపై నచ్చువేసిన ధర నీయవలసినదే. "ఈమారు ధర కొంచెము పెరిగినదమ్మా" అని అంగడివాడనును. ఆ కొంచెమెంత? లెక్కించుకొనలేని యిల్లాలు ప్రతి మాటను నమ్మవలెను, లేదా ప్రతి మాటను శంకింపవలెను. రెండును కష్టములే.

లెక్క సులభము. క్రొత్త ధరనుండి పాత ధరను తీసివేయుడు. మిగిలినదానిని నూటితో హెచ్చించి పాత ధరతో భాగింపుడు. 40 రూపాయల అట్ట 46 అయినదనుకొందము. పెరిగినది 6. దానిని నూటితో హెచ్చించిన 600. 40తో భాగించిన 15. అనగా నూటికి 15 వంతున పెరిగినది. పొరపాటున క్రొత్త ధరయగు 46తో భాగించినచో 13 మాత్రమే వచ్చి, భారము తక్కువగా దోచును. ఏ ధరనుండి పెరిగినదో ఆ ధరతోనే భాగింపవలెను.

మాత్రల సంఖ్యనుగూడ చూడవలెను. పూర్వము 10 మాత్రలు 30 రూపాయలు. ఇప్పుడు అట్టలో 15 మాత్రలుండి 48 రూపాయలైనచో, నూటికి 60 పెరిగినట్లు భ్రమ గలుగును. ఒక్క మాత్రకు లెక్కింపగా 3 రూపాయలు 3 రూపాయల 20 పైసలైనవి. నిజమైన పెరుగుదల నూటికి సుమారు 6 రూపాయల 67 పైసలే.

2013వ సంవత్సరపు మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము అత్యవసర ఔషధముల గరిష్ఠ ధరలు టోకు ధరల సూచి ననుసరించి ఏటేట ఏప్రిలు 1వ తేదీనుండి సవరింపబడును. అనుమతింపబడిన పెంపు 2022లో నూటికి 10.77, 2023లో 12.12. రెంటిని గూడిన 22.89 అగును గాని, రెండవ పెంపు మొదటి పెంపుమీదను పడును. కావున 100 రూపాయల మందు రెండేండ్లలో 124 రూపాయల 19 పైసల వరకు పోవచ్చును. 2024లో అనుమతింపబడినది నూటికి 0.00551 మాత్రమే, అనగా నూరు రూపాయలకు అరపైసకు కొంచెమెక్కువ! "మందుల ధరలు పెరిగినవి" అను వాక్యము రెండు సంవత్సరములకును ఒక్కటే. అంకెలు చూచిన వారికే భేదము తెలియును.

తగ్గుదలకును ఇదే సూత్రము. 2025 సెప్టెంబరు 22న పెక్కు మందులపై పన్ను నూటికి 12 నుండి 5కు దిగినది. దానివలన ధర నూటికి 7 తగ్గునని తలపరాదు. పన్నుతో 112 రూపాయలుండిన మందు 105 అగును. 7ను నూటితో హెచ్చించి 112తో భాగింపగా 6.25 వచ్చును. తగ్గవలసినది అంతయే, అంతకు తక్కువ తగ్గినచో కారణ మడుగుటకు మనకు హక్కు కలదు.

ఈ లెక్క యెందులకందురా? కూలి నెలకు 12,000 నుండి 12,600 అయినచో పెరిగినది నూటికి 5. మందుల ఖర్చు నూటికి 12 పెరిగినచో ఆ లోటు కూరలోనో, పిల్లల పాలలోనో కోతపడును. కొందరు తల్లులు తమ మాత్రనే సగము చేసికొని మ్రింగుదురు. ఇది మిక్కిలి ప్రమాదము. ధర భరింపరానిదైనచో అదే మందు తక్కువ వెలకు దొరకునేమో వైద్యుని అడుగవలెను గాని, మోతాదు తగ్గింపరాదు.

నేడే యొక చిన్న పుస్తకమునందు మందు పేరు, తేదీ, మాత్రల సంఖ్య, ధర వ్రాసియుంచుడు. పాత ధర వ్రాసియుంచిన యింట క్రొత్త ధర మోసపుచ్చజాలదు.